ఆటాప్సీకి మెమరీ విశ్లేషణ తోడైతే: కొన్నేళ్ల వాడకం తర్వాత నా సమీక్ష

విజయవాడ వన్‌టౌన్‌లోని హోల్‌సేల్ దుకాణాల్లో, ఆడిటర్ల కార్యాలయాల్లో, గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల కమీషన్ వ్యాపారుల వద్ద కంప్యూటర్లకు మాల్వేర్ (హానికర ప్రోగ్రాము) సోకినప్పుడు వాటిని పరీక్షించి నివేదిక ఇవ్వడం నా వృత్తి. డిస్కు పరీక్షకు మొదటి నుంచీ స్లూత్ కిట్ అనే డిస్కు పరీక్షా పనిముట్ల ఆధారంగా పనిచేసే ఆటాప్సీనే వాడుతున్నాను. ఇది ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. చిన్న కార్యాలయం నడుపుకునే నాలాంటి వారికి ఆ సంగతి తక్కువదేమీ కాదు. దానికి వోలటిలిటీ అనే సాఫ్ట్‌వేర్ ద్వారా మెమరీ (ర్యామ్) విశ్లేషణను కలుపుకున్నాక పనితీరులో వచ్చిన మార్పు గురించే ఈ సమీక్ష.

ఈ సౌకర్యం ఆటాప్సీ తెరవగానే కనిపించదు. ప్లగిన్ల (అదనపు భాగాల) జాబితాలోకి వెళ్లి ప్రయోగాత్మక విభాగాన్ని మనమే ప్రారంభించుకోవాలి. ఆ తర్వాత మెమరీ ఇమేజిని (అందులోని సమాచారపు నకలును) కూడా డిస్కు ఇమేజి లాగే కేసులో చేర్చి, ఏయే వోలటిలిటీ ప్లగిన్లు నడపాలో ఎంచుకోవచ్చు. ఫలితాలు విడివిడి ఫైళ్లుగా భద్రమవుతాయి. అదే యంత్రపు డిస్కు ఇమేజి కూడా కేసులో ఉంటే, మెమరీలో కనబడిన ఫైళ్లను డిస్కు మీది ఫైళ్లతో ముడివేసి ప్రత్యేకంగా గుర్తించి చూపిస్తుంది. అందుకే డిస్కు ఇమేజిని ముందు చేర్చి, మెమరీ ఇమేజిని తర్వాత చేర్చడం నా పద్ధతి. నా దృష్టిలో ఈ జోడింపు విలువంతా ఆ ముడివేయడంలోనే ఉంది. ప్రాసెస్‌ల (నడుస్తున్న ప్రోగ్రాముల) జాబితా ఒక్కటే కావాలంటే వోలటిలిటీని విడిగా నడిపినా సరిపోతుంది.

ఒక వ్యాపారి కార్యాలయపు కంప్యూటర్ విషయంలో ఇది స్పష్టంగా తెలిసింది. ప్రాసెస్‌ల జాబితాలో విండోస్ సేవలను నడిపే ఎస్‌వీసీహోస్ట్ పేరుతో చాలా ప్రాసెస్‌లు ఉన్నాయి. విండోస్‌లో అది మామూలే. అయితే అసలైన ఎస్‌వీసీహోస్ట్ సిస్టమ్32 ఫోల్డర్ నుంచి నడుస్తుంది, దాన్ని ప్రారంభించే మాతృ ప్రాసెస్ సర్వీసెస్ అయి ఉంటుంది, దాన్ని నడిపిన ఆదేశమైన కమాండ్ లైనులో హైఫన్‌తో కూడిన కే అక్షరం ఉంటుంది. వాటిలో ఒకదానికి మాత్రం మాతృ ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్, నడుస్తున్న చోటు వినియోగదారుడి యాప్‌డేటా ఫోల్డర్, కమాండ్ లైను ఖాళీ. నెట్‌వర్క్ కనెక్షన్లను చూపే నెట్‌స్కాన్ ప్లగిన్ ఫలితంలో అదే ప్రాసెస్ సంఖ్య బయటి చిరునామాతో కలిపి కనబడింది. ఆటాప్సీలో ఆ ఫైలును తెరిచి, అది సృష్టి అయిన సమయం పక్కన బ్రౌజర్ చరిత్రను పెట్టి చూస్తే, అంతకు కాసేపటి ముందే ఇన్‌వాయిస్ పేరుతో దిగిన జిప్ ఫైలు బయటపడింది. డిస్కును మాత్రమే చూసి ఉంటే ఆ ఫైలు ఉందనే తెలిసేది గానీ, అది నడుస్తూ బయటికి మాట్లాడుతోందని చూపడానికి ఆధారం ఉండేది కాదు. ఇలా పక్కపక్కన పెట్టేటప్పుడు వోలటిలిటీ సమయాలను యూటీసీలో (అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) చూపుతుందని గుర్తుంచుకోవాలి. దానికి 5 గంటల 30 నిమిషాలు కలిపి మన సమయంలోకి మార్చకపోతే కథ తారుమారవుతుంది.

ఇక లోటు దగ్గరకు వస్తే, నేను వాడుతున్న కూర్పులో ఆటాప్సీతో వచ్చేది పాత వోలటిలిటీ 2. అది ప్రతి విండోస్ బిల్డ్‌కూ (కూర్పుకూ) ప్రొఫైల్, అంటే ఆ కూర్పు మెమరీ అమరికను చెప్పే వివరం, అడుగుతుంది. దాన్నే కనిపెట్టుకోమని వదిలేస్తే చాలా సమయం పడుతుంది, కొత్త బిల్డ్‌లకు సరైన ప్రొఫైల్ దొరక్కపోవచ్చు. అది ఆధారపడిన పైథాన్ 2 భాషకు 2020 జనవరి 1తోనే మద్దతు ఆగిపోయింది. అందువల్ల కొత్త యంత్రాలకు వోలటిలిటీ 3ని విడిగా నడిపి, దాని ఫలితాలను ఆటాప్సీ కేసుకు చేతితో జతచేస్తున్నాను. వోలటిలిటీ 3కి ప్రొఫైళ్లు అక్కర్లేదు. అదే పనికి కావలసిన సింబల్ ఫైళ్లను మైక్రోసాఫ్ట్ సర్వర్ నుంచి తెచ్చుకుంటుంది. పరీక్షా యంత్రానికి ఇంటర్నెట్ ఇవ్వని మాలాంటి చోట వాటిని వేరే కంప్యూటర్‌లో దింపి పెన్‌డ్రైవ్‌లో తెచ్చిపెట్టాలి.

మెమరీలో చొరబడిన కోడ్‌ను వెతికే మాల్‌ఫైండ్ ప్లగిన్ ఫలితాలను కొత్తవారు అతిగా నమ్ముతారని నా అనుభవం. రాయడానికీ అమలు చేయడానికీ ఒకేసారి వీలున్న మెమరీ భాగాలను అది ఎత్తిచూపుతుంది; విండోస్ డిఫెండర్, డాట్‌నెట్ ప్రోగ్రాములు కూడా అందులో తరచుగా కనిపిస్తాయి. అలాగే విండోస్ తన జాబితాలో ఉంచుకున్న ప్రాసెస్‌లను చూపే పీఎస్‌లిస్ట్‌లో లేని ప్రాసెస్, మెమరీ అంతా గాలించే పీఎస్‌స్కాన్‌లో కనబడినంత మాత్రాన దాన్ని ఎవరో దాచారని రాయకూడదు, ఎందుకంటే ముగిసిపోయిన ప్రాసెస్‌ల అవశేషాలు కూడా అక్కడ దొరుకుతాయి.

సాఫ్ట్‌వేర్ ఎంత మంచిదైనా, మెమరీ మన చేతికి అందితేనే కదా. ఏదైనా తేడా కనబడగానే స్విచ్ కట్టేయడం మన దుకాణాల్లో అలవాటు. దాంతో ర్యామ్‌లోని ఆధారమంతా పోతుంది. అందుకే ఫోనులోనే ‘నెట్ కేబుల్ తీసేయండి, వైఫై ఆపండి, మిషను మాత్రం ఆపకండి’ అని చెబుతాను. అక్కడికి వెళ్లాక ఎఫ్‌టీకే ఇమేజర్ అనే సాఫ్ట్‌వేర్‌తో మెమరీని బయటి డ్రైవ్‌లోకి తీసుకుంటాను, పేజ్‌ఫైల్‌తో (ర్యామ్ నుంచి విండోస్ డిస్కు మీదికి మార్చే సమాచారపు ఫైలుతో) సహా. 16 జీబీ ర్యామ్ ఉన్న యంత్రానికి కనీసం అంత ఖాళీ ఉండాలి. యంత్రం నడుస్తుండగానే తీస్తాం కాబట్టి రెండోసారి తీస్తే అదే హ్యాష్ (ఫైలులోని సమాచారాన్ని బట్టి లెక్కించే గుర్తింపు విలువ) రాదు. డిస్కుకూ దీనికీ ఉన్న ఈ తేడాను నివేదికలో వివరించకపోతే ఎదుటి న్యాయవాది మొదట పట్టుకునేది అదే. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ధ్రువపత్రంలో హ్యాష్ విలువ రాయాల్సి ఉంటుంది గనుక, తీసిన వెంటనే అక్కడే షా256 పద్ధతిలో హ్యాష్ లెక్కించి, ఆ యంత్రపు గడియారానికీ అసలు సమయానికీ ఉన్న తేడాతో సహా కాగితం మీద రాసి, యజమాని చేత సంతకం చేయించుకుంటున్నాను.