స్కూలు మెయిలా, సొంత జీమెయిలా? టీచర్లకు ఏది మేలు

బెంగళూరులో కొత్త విద్యాసంవత్సరం మొదలైతే చాలు, ఇక్కడి తెలుగు టీచర్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "మేడమ్, పేరెంట్స్‌కి స్కూలు ఇచ్చిన ఐడీ నుంచే రాయాలా, నా జీమెయిల్ నుంచి రాస్తే సరిపోదా?" అడిగేవాళ్లలో చాలామంది మనసు అప్పటికే జీమెయిల్ వైపు ఉంటుంది. అది ఎలాగూ ఫోన్‌లో ఉంది, అలవాటైపోయింది, ఇంకో పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకోనక్కర్లేదు.

సదుపాయాలు చూసి తేల్చుకుందామంటే కుదరదు. చాలా బడులు ఇచ్చేది గూగుల్ వర్క్‌స్పేస్ (సంస్థల కోసం గూగుల్ ఇచ్చే మెయిల్, ఫైళ్ల సేవ) ఐడీయే కాబట్టి లోపల కనిపించేది అదే జీమెయిల్. అటాచ్‌మెంట్ 25 ఎంబీ దాటకూడదన్న నియమం, లేబుళ్లు, ఫిల్టర్లు, పంపిన మెయిల్‌ని 30 సెకన్లలోపు వెనక్కి తీసుకునే వీలు, అన్నీ రెండింట్లోనూ ఉన్నాయి. ఒక్క తేడా చెప్పుకోవాలి. సొంత ఖాతాలో ఉచితంగా వచ్చే 15 జీబీని మెయిల్, డ్రైవ్, ఫోటోలు కలిసి పంచుకుంటాయి. ఇంట్లో పుట్టినరోజు వీడియోలతో అది నిండిపోతే కొత్త మెయిళ్లు రావడం ఆగిపోతుంది. పరీక్షల వారంలో అలా జరిగితే ఎంత టెన్షనో వేరే చెప్పక్కర్లేదు.

నా దృష్టిలో తేల్చే విషయం వేరే ఉంది. మీరు ఆ బడి వదిలిన రోజు ఆ ఖాతా ఎవరి చేతిలో ఉంటుంది?

ఇక్కడ టీచర్లు బడులు మారడం మామూలే. భర్త ఆఫీసు వైట్‌ఫీల్డ్ నుంచి ఎలక్ట్రానిక్ సిటీకి మారితే ఇల్లు మారుతుంది, దాంతో బడీ మారుతుంది. స్కూలు ఖాతా బడిది. అక్కడ ఖాతాలు నిర్వహించే వ్యక్తి, అంటే అడ్మిన్, మీ పాస్‌వర్డ్ మార్చగలరు, ఖాతా మూసేయగలరు, అవసరమైతే లోపలి మెయిళ్లు చూసే ఏర్పాటూ చేసుకోగలరు. నాకు తెలిసిన ఒక టీచర్ చివరి పనిదినం సాయంత్రానికే ఆవిడ లాగిన్ ఆగిపోయింది. ఏళ్ల తరబడి తయారుచేసుకున్న వర్క్‌షీట్లు, ప్రశ్నపత్రాలు అందులోనే ఉండిపోయాయి. తీసేసిన ఖాతాని అడ్మిన్ 20 రోజుల్లోపు తిరిగి తెప్పించగలరు. ఆ సంగతి ఆవిడకు ఎవరూ చెప్పలేదు.

ఇది విన్నాక "అందుకే సొంత జీమెయిల్ మేలు" అంటారు. నేను సరిగ్గా అక్కడే ఒప్పుకోను. తల్లిదండ్రులతో జరిగిన ఉత్తరప్రత్యుత్తరాలు మీతో పాటు వెళ్లిపోకూడదు. ఒక పిల్లాడికి మూర్ఛ ఉందని వాళ్లమ్మ జులైలో మెయిల్ పెట్టింది, మీరు డిసెంబర్లో మానేశారు. మీ తర్వాత వచ్చే క్లాస్ టీచర్‌కి ఆ విషయం తెలియాలి కదా. ఆ మెయిల్ మీ సొంత ఇన్‌బాక్స్‌లో ఉంటే బడి దాన్ని తీయలేదు. పైగా పిల్లల మార్కులు, ఆరోగ్య వివరాలు మీ సొంత ఖాతాలో ఏళ్ల తరబడి పడి ఉండటం మీకూ మంచిది కాదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వాళ్లందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. వాళ్ల సమాచారం విషయంలో అది మరింత కఠినంగా ఉంటుంది. ఇంకో సంగతి, మీ పేరుతో జీమెయిల్ ఐడీ ఎవరైనా సృష్టించగలరు. దాన్నుంచి "ట్రిప్ ఫీజు ఈ యూపీఐకి పంపండి" అని మెయిల్ వస్తే, ఇన్నాళ్లూ మీ జీమెయిల్‌కే అలవాటుపడ్డ తల్లిదండ్రులు అనుమానించరు. బడి డొమైన్‌తో, అంటే @ తర్వాత బడి పేరున్న చిరునామాతో, మెయిల్ రావడం అలవాటైతే తేడా కనిపెడతారు.

అందుకే పిల్లలకీ తల్లిదండ్రులకీ సంబంధించినదంతా స్కూలు మెయిల్‌లోనే ఉండాలని నేను గట్టిగా చెబుతాను. అందరికీ ఒకేసారి పంపేటప్పుడు చిరునామాలు బీసీసీలో పెట్టండి, ఒకరి చిరునామా ఇంకొకరికి కనిపించదు. రాత్రి పదింటికి రాసినా ఉదయం ఏడున్నరకి షెడ్యూల్ చేయండి. రాత్రే పంపితే జవాబూ రాత్రే వస్తుంది, ఇంకో జవాబు మీ నుంచి ఆశిస్తారు. స్కూలు ఖాతా నోటిఫికేషన్లు సాయంత్రం ఆపేసుకోవడానికి జీమెయిల్ యాప్‌లో ఖాతాకి విడిగా సెట్టింగ్ ఉంది, వాడుకోండి.

మీ ఉద్యోగ జీవితానికి సంబంధించినవి మాత్రం స్కూలు ఐడీతో ముడిపెట్టొద్దు. పీఎఫ్, ఫారం 16, దీక్షా లాంటి శిక్షణ పోర్టళ్లు అన్నీ సొంత ఐడీతోనే నమోదు చేసుకోండి. సీబీఎస్‌ఈ టీచర్లు ఏటా 50 గంటల శిక్షణ చూపించాలి. ఆ సర్టిఫికెట్లు పాత బడి లాగిన్ వెనక ఇరుక్కుంటే కొత్త బడిలో ఏం చూపిస్తారు?

మిగతావాటి గురించి రెండు మాటలు. బడి ఇచ్చింది అవుట్‌లుక్ అయితే అదీ బాగానే పనిచేస్తుంది, పైన చెప్పినవన్నీ దానికీ వర్తిస్తాయి. వాట్సాప్ గ్రూపు "రేపు సెలవు" లాంటి కబురుకి చాలు. ఒక పిల్లాడి గురించిన మాట మాత్రం అందులో వద్దు. స్కూలు యాప్‌లు నోటీసులకి సరే.

మీ బడి అసలు మెయిలే ఇవ్వకపోతే బడి పని కోసమే విడిగా ఒక జీమెయిల్ తెరవండి, ఆ సంగతి ప్రిన్సిపాల్‌కి రాసి తెలపండి. మానేసేటప్పుడు పిల్లల మెయిళ్లు ఆఫీసుకి ఫార్వర్డ్ చేసి, మీ దగ్గరవి తీసేయండి. స్కూలు ఖాతా ఉన్నవాళ్లు రాజీనామా ఇవ్వడానికి ముందే అడ్మిన్‌ని ఒక మాట అడగండి: గూగుల్ టేకౌట్‌లో (ఖాతాలోని డేటాని బయటికి తీసుకునే గూగుల్ సదుపాయం) ఫైళ్లని సొంత ఖాతాకి బదిలీ చేసుకునే వీలు తెరిచి ఉందా? ఉంటే మీరు తయారుచేసిన పాఠాలు, వర్క్‌షీట్లు మాత్రం అనుమతి తీసుకుని తెచ్చుకోండి. నోటీస్ పీరియడ్ చివరి వారం దాకా ఆగొద్దు, అప్పుడు ఆ అడ్మిన్‌కి మీ పని చూసే తీరిక ఉండదు.