ఫ్యామిలీ లింక్: ఏడాదిన్నర వాడాక నా మాట

మా వాడికి పదకొండేళ్లు నిండిన ఎండాకాలంలో వాడి ఫోన్లో ఫ్యామిలీ లింక్ పెట్టాను. పిల్లల ఫోన్ వాడకాన్ని తల్లిదండ్రులు చూసి అదుపులో పెట్టే గూగుల్ యాప్ అది. కావలిలో మాది రెండు గదుల ఇల్లు. వాడు ఆడే ఆటలో తుపాకుల మోత వంటింట్లోకి వినబడుతూనే ఉంటుంది. అయినా ఎంతసేపు ఆడుతున్నాడో తెలిసేది కాదు. మొదటి వారంలోనే యాప్ లెక్క చూపించింది: ఒక్క ఆదివారమే 6 గంటలు. వాళ్ల నాన్న నమ్మలేదు, ఫోన్ ఆయన చేతికిచ్చి చూపించాను.

వెంటనే రోజుకు గంటని పెట్టాను. అది నా తప్పు. గంట కాగానే ఆట మూతపడుతుంది. కానీ వాడి ఆటలో ఒక మ్యాచ్ అరగంట దాకా సాగుతుంది, నలుగురు జట్టుగా దిగుతారు. మధ్యలో వీడు మాయమైతే తక్కిన ముగ్గురూ మర్నాడు బడిలో తిట్టేవాళ్లు. అన్నం పళ్లెం తోసేసిన రోజులున్నాయి. మొండితనం అనుకుని రెండు దెబ్బలు కూడా వేశాను. ఇప్పటికీ బాధే. ఒకరోజు పక్కన కూర్చుని మ్యాచ్ మొదటి నుంచి చివరిదాకా చూశాక గానీ అర్థం కాలేదు. అప్పటి నుంచి మా లెక్క మ్యాచ్‌లదే. బడి రోజుల్లో ఒకటి, ఆదివారం మూడు. యాప్‌లో కాస్త ఎక్కువ నిమిషాలే వేస్తాను. ఇంకా చాలకపోతే నా ఫోన్ నుంచే బోనస్ టైమ్ ఇస్తాను. గొడవలు తగ్గింది అక్కడే.

రాత్రి 9కి డౌన్‌టైమ్, అంటే ఆ వేళకి ఫోన్‌కి తాళం పడేలా పెట్టడం అన్నిటికన్నా మేలు చేసింది. దుప్పటి కింద ఆట పోయింది, పొద్దున లేపడం తేలికైంది. కొత్త ఆట దించుకోవాలన్నా ముందు నా అనుమతి అడుగుతుంది.

యాప్ అందుకోలేనిది ఇంకొకరి ఫోన్. మామిడికాయల రోజుల్లో ఉలవపాడు వెళ్తే మా అమ్మ ఫోన్‌కి ఏ తాళమూ లేదు. "సెలవులేగా, ఆడుకోనీలేవే" అంటుంది. నాలుగు రోజులు ఆ ఫోన్ వాడి చేతిలోనే. మా అన్న కొడుకు ఫోన్‌తోనూ ఇదే చిక్కు. పబ్‌జీకి మన దేశపు రూపమైన బీజీఎంఐ ఆట 2023 మేలో తిరిగి వచ్చినప్పుడు 18 ఏళ్లలోపు వాళ్లకు రోజుకు 3 గంటలని హద్దు పెట్టారు. పెద్దవాడి ఖాతాలో చిన్నవాడు ఆడితే ఆ హద్దు ఎక్కడిది? అమ్మతో వాదించలేదు. పొద్దున్నే వాణ్ణి తోటకి తీసుకుపొమ్మన్నాను. కాయలు ఏరి, గంపల్లో సర్ది, మధ్యాహ్నానికి అలసిపోయి వచ్చేవాడు. ఫోన్ అడిగాడు గానీ ఏడవలేదు.

ఈ యాప్ పెట్టుకోబోయేవాళ్లు పిల్లాడికి చెప్పి, వాడి ఎదుటే పెట్టండి. ఇంట్లో ఉన్న మిగతా ఫోన్ల లాక్‌లు కూడా ఆ రోజే మార్చండి. నేను ఉలవపాడు నుంచి వచ్చిన రాత్రి మార్చాను.