ఇనుము మీద వెనీర్: ఏ జిగురు నిలిచింది, ఏది ఊడింది

ముందే తేల్చి చెప్పేస్తాను. వెనీర్ అంటే కాగితంలా పల్చటి అసలు చెక్క పొర. దాన్ని ఎండ తగిలే ఇనప తలుపుకు అతికించాలంటే నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ, అంటే రెండు ద్రవాలు కలిపి వాడే జిగురు. ఇంటి లోపలి ప్యానెళ్లకైతే పసుపు రంగు రబ్బరు జిగురు. తెల్ల జిగురు మాత్రం లోహం మీద దేనికీ వద్దు. విజయవాడలో ఫర్నిచర్ పని చేయిస్తూ ఏళ్ల తరబడి మూడూ వాడాక ఏర్పడిన అభిప్రాయం ఇది.

ప్లైవుడ్ మీద తెల్ల జిగురుకు సాటి లేదు. కానీ అందులోని నీరు బయటికి పోతేనే అది పట్టుకునేది. ప్లైవుడ్ ఆ నీటిని పీల్చుకుంటుంది, ఇనుము పీల్చదు. నీరంతా పల్చటి వెనీర్ లోంచే పోవాలి. ఈలోగా వెనీర్ ఉబ్బి అలలు తేలుతుంది, కింద ఇనుము తుప్పు పడుతుంది. ఓక్ వెనీర్ అయితే ఇంకో తంటా. ఆ చెక్కలో టానిన్ అనే వగరు పదార్థం ఎక్కువ. టానిన్, తడి, ఇనుము కలిశాయంటే నీలి నలుపు మచ్చలు పైకి వచ్చేస్తాయి. వెనకటి రోజుల్లో సిరా చేసింది కూడా ఇలాంటి కలయికతోనే. ఆక్సాలిక్ యాసిడ్ రాస్తే మచ్చ పోతుంది గానీ, లోపల తడి ఉన్నన్నాళ్లూ మళ్లీ మళ్లీ వస్తూనే ఉంటుంది.

రబ్బరు జిగురులో నాకు నచ్చింది పని వేగం. రెండు వైపులా పల్చగా పూసి, ఆరనిచ్చి, అతికించి రోలర్‌తో నొక్కితే సరి. క్లాంపులు అక్కర్లేదు. షాపులో కుర్రాడు “అన్నా, ఆరిందా?” అని అడిగినప్పుడల్లా నా జవాబు ఒకటే: “వేలి వెనక వైపుతో తాకి చూడు. జిగటగా అనిపించాలి, వేలికి మాత్రం అంటకూడదు.” తొందరపడితే లోపల ద్రావకం చిక్కుకుపోయి తర్వాత బుడగలవుతుంది. షీటు ఒకసారి ఆనిందంటే ఇక జరపడం కుదరదు, కాబట్టి పెద్ద షీట్లకు మధ్యలో సన్నటి బద్దలు పెట్టి ఒక్కొక్కటే లాగుతూ అతికిస్తాం. వాసన ఘాటు, నిప్పంటుకునే సరుకు, కాబట్టి కిటికీలన్నీ తీసిపెట్టాల్సిందే.

దాని బలహీనత వేడి. పడమటి ముఖం ఉన్న ఇనప తలుపు మీద మే నెల మధ్యాహ్నం చెయ్యి ఆనించలేం. ఆ వేడికి రబ్బరు మెత్తబడుతుంది. వేరేచోట చేయించిన అలాంటి తలుపొకటి రిపేరుకు వచ్చింది. చూడ్డానికి బాగానే ఉంది. గోటితో అంగుళం అంగుళం తట్టుకుంటూ వెళితే తాళం దగ్గర్నుంచి కిందికి జానెడు మేర డొల్ల శబ్దం. అక్కడ బ్లేడు దూర్చి ఎత్తితే జిగురు దారాల్లా సాగింది. ఊడిపోలేదు, అలాగని పట్టుకునీ లేదు.

ఎందుకిలా అంటే, రెండు మీటర్ల ఇనప తలుపు నలభై డిగ్రీలు వేడెక్కితే సుమారు ఒక మిల్లీమీటరు సాగుతుంది, అల్యూమినియం అయితే దాదాపు రెండు. వెనీర్ సంగతి వేరు. పోగు పొడవునా అది పెద్దగా కదలదు. అడ్డంగా మాత్రం వానాకాలం తేమకు ఉబ్బి, వేసవికి బిగుస్తుంది. ఇది ఒకవైపు, అది ఇంకోవైపు లాగుతుంటే నలిగేది మధ్యలో జిగురే. లోపలి గోడ ప్యానెల్లో ఈ కదలిక తక్కువ కాబట్టి రబ్బరు దాన్ని తట్టుకుంటుంది.

పాలిష్ కూడా ముందే ఆలోచించుకోవాలి. వెనక కాగితం లేని అరమిల్లీ వెనీర్ మీద థిన్నర్ పాలిష్ ఒకేసారి దట్టంగా కొడితే, అది రంధ్రాల్లోంచి దిగి రబ్బరు జిగురును కరిగిస్తుంది, మర్నాటికి బుడగలు. వెనక కాగితం లేదా ఫ్లీస్ (పల్చటి గుడ్డలాంటి పొర) అతికించి వచ్చే వెనీర్‌తో ఈ టెన్షన్ చాలావరకు తగ్గుతుంది. ఖర్చు కాస్త ఎక్కువైనా నేను అదే తెమ్మంటాను.

ఎపాక్సీకి వస్తే, అరాల్డైట్ లాంటి రెండు ట్యూబుల సరుకులో నెమ్మది రకమే తీసుకోండి. ఐదు నిమిషాల రకం వేడికీ తడికీ అంతగా ఆగదు. రెసిన్, హార్డెనర్ డబ్బా మీద రాసిన పాళ్లలో కలపాలి. గట్టిపడాలని హార్డెనర్ ఎక్కువ పోసే మేస్త్రీలున్నారు, అది చేటే. పళ్లున్న బ్లేడుతో లోహం మీద మాత్రమే పల్చగా పరుస్తాం. ఎక్కువైతే వెనీర్ రంధ్రాల్లోంచి పైకి ఉబికి, ఆ చోట స్టెయిన్ పట్టదు. పైన పాలిథీన్ కవరు, దాని మీద సాపు ప్లైవుడ్, ఇసుక బస్తాలు పెట్టి మర్నాటి దాకా కదపం. ఖరీదు బాగా ఎక్కువ, పనీ నెమ్మదే. విపరీతమైన వేడికి ఇదీ కొంత మెత్తబడుతుంది గానీ, రబ్బరులా జారిపోవడం నేను చూడలేదు.

ఏ జిగురైనా అసలు పట్టు లోహం తయారీలోనే ఉంది. 80 నంబరు ఎమరీ కాగితంతో రుద్ది గరుకు చేసి, తెల్ల గుడ్డకు మురికి అంటనంతవరకు థిన్నర్‌తో తుడవాలి. ఆ తర్వాత చేత్తో తాకకూడదు. అల్యూమినియం మీద ఆక్సైడ్ పొర వెంటనే మళ్లీ కమ్ముకుంటుంది కాబట్టి రుద్దిన వెంటనే అతికించేయాలి. పౌడర్ కోటింగ్ (పొడి రంగు చల్లి వేడితో కాల్చిన పూత) మీద అతికిస్తే జిగురు పట్టుకునేది ఆ రంగునే. రంగు లేచిపోతే వెనీరూ దానితోపాటే.

అంచులకు ఫెవిక్విక్ లాంటి క్షణాల జిగురు వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. లేచిన మూలను అప్పటికప్పుడు అణచడానికి ఫర్వాలేదు, తలుపంతటికీ వద్దు, పెళుసుగా ఉంటుంది. తలుపు నాలుగంచులకూ, ముఖ్యంగా ఎవరూ చూడని కింది అంచుకూ, పాలిష్ రెండు పూతలు ఎక్కువే కొట్టించండి. వాన నీళ్లు దూరేది అక్కడే.