బిడియాన్ని కొలవాలా, బడి మానిన పిల్లలను లెక్కించాలా?

ఏ సమూహానికి ప్రభుత్వ ఆసరా అవసరమో తేల్చడానికి అధికారుల చేతిలో రెండు రకాల కొలబద్దలు ఉన్నాయి. షెడ్యూల్డ్ తెగల విషయంలో 1965 నాటి లోకూర్ కమిటీ చెప్పిన ఐదు లక్షణాలు నేటికీ ఆధారం: ఆదిమ లక్షణాలు, ప్రత్యేక సంస్కృతి, మారుమూల నివాసం, ఇతరులతో కలవడానికి బిడియం, వెనుకబాటుతనం. వెనుకబడిన తరగతులను గుర్తించే పనిలో 1980లో నివేదిక ఇచ్చిన మండల్ కమిషన్ మాత్రం పదకొండు సూచికలకు మొత్తం 22 మార్కులు పెట్టి, ఏ కులానికి సగం వస్తే ఆ కులం వెనుకబడినదని లెక్కగట్టింది.

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో తెల్లవారకముందే వేలం పాటలో గొంతెత్తి బేరమాడే జాలరి మహిళను మొదటి కొలబద్దతో చూస్తే ఆమెలో బిడియమూ కనబడదు, ఆమె ఉండేది మారుమూలా కాదు. బతుకుతెరువు కోసం అలవరచుకున్న ఆ చొరవే ఆమెకు అనర్హతగా మారడం నాకు అన్యాయంగా తోస్తుంది. రెండో కొలబద్ద ఆమె స్వభావం జోలికి పోకుండా, ఇల్లు పూరిదా, మంచినీళ్లు అర కిలోమీటరుకు మించిన దూరంలో ఉన్నాయా, పిల్లలు బడి మానేశారా అని అడుగుతుంది. జాలరులు, మరో మత్స్యకార కులమైన వాడబలిజలు మన రాష్ట్రంలో వెనుకబడిన తరగతుల్లోని బీసీ-ఏ జాబితాలో ఉన్నారు.

మండల్ పద్ధతిలోనూ లోపం లేకపోలేదు. ఇతరులు ఆ కులాన్ని వెనుకబడినదిగా భావిస్తున్నారా అన్నది కూడా అందులో ఒక సూచికే. అయినా మార్కులను తిరిగి లెక్కించమని అడగవచ్చు. ‘ఆదిమ’మన్న అధికారి అభిప్రాయాన్ని ఏ లెక్కతో ప్రశ్నించగలం?