అందరికీ ఒకేసారా, ఒక్కొక్కరికా?
మేం తమ్ముడనుకున్న బిడ్డ ట్రాన్స్ అమ్మాయని, మాకు చెల్లెలని ఇంట్లోవాళ్లకు చెప్పడానికి రెండు దారులు కనిపించాయి.

సంక్రాంతికి కావలి ఇంట్లో అందరూ చేరినప్పుడు ఒకేసారి చెప్పేస్తే, మాట చేతులు మారి వంకర పోదు. కానీ పెదనాన్న గొంతు పెంచితే, అర్థం చేసుకోగలిగినవాళ్లూ నోరు మెదపరు. అవన్నీ చెల్లి ఎదురుగా కూర్చుని వినాలి.

ఒక్కొక్కరికీ విడిగా చెప్పడానికి నెలలు పడుతుంది. మధ్యలో ఎవరైనా ఊరంతా చాటే భయమూ ఉంది. అందుకే ఎవరికి, ఎప్పుడు అన్నది చెల్లినే నిర్ణయించమన్నాం. అమ్మమ్మతో మొదలుపెట్టాను. చేపల పులుసులోకి మామిడికాయ కోస్తోంది. కత్తిపీట మీద చెయ్యి ఆగింది. "మరి ఇప్పుడు ఏమని పిలవాల?" అంది. పేరు చెప్పాను. రెండుసార్లు తడబడి, మూడోసారి ఫోన్లో సరిగ్గా పిలిచి, "అన్నం తిన్నావా అమ్మా" అనడిగింది.

ఒంగోలు బాబాయికి చట్టం చెప్పాల్సి వచ్చింది: తానెవరో చెప్పుకునే హక్కు మనిషిదేననీ, దానికి లింగమార్పిడి ఆపరేషన్ కావాలని పట్టుబట్టకూడదనీ 2014లో నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) కేసులో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

నాకు రెండో దారే నయమనిపించింది. పెదనాన్నకు చెప్పడానికి చెల్లి ఇంకా సరేననలేదు.