ఎనిమిదేళ్ల స్ప్లిట్ ఏసీ: చల్లదనానికి వంక లేదు, గొడవంతా బ్లోయర్‌దే

కొన్న వారానికే రాసే రివ్యూలు చదివి నేనూ ఏసీ కొన్నాను. చల్లగా ఉంది, టైముకి తెచ్చిచ్చారు, ఫిట్టింగ్ కుర్రాడు మర్యాదస్తుడు, అన్నింట్లో ఇదే. ఎనిమిది వేసవులు వాడాక అది ఎలా ఉంటుందో ఒక్కరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

మాది పెదవాల్తేరు, లాసన్స్ బే బీచ్‌కి రెండు వీధుల ఇవతల, పై అంతస్తు. 1.5 టన్ను, 3 స్టార్, ఇన్వర్టర్ కాదు. చల్లదనం గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, మే నెలలో విశాఖ ఉక్కపోతలో కూడా పావుగంటలో గది దారికొస్తుంది. ఉప్పుగాలికి అవుట్‌డోర్ యూనిట్ స్టాండు నాలుగేళ్లకే తుప్పు పట్టి పొరలు పొరలుగా రాలింది, మార్పించాను. ఆరో ఏట కాయిల్‌లో లీకై గ్యాస్ నింపించాను. సముద్రం పక్కన ఉంటూ వీటికి కంపెనీని తిట్టడం న్యాయం కాదు.

అసలు కథ ఇండోర్ యూనిట్‌ది. పోయినేడు ఫిబ్రవరిలో ఒక రాత్రి కీచు... కీచు... అని మొదలైంది, అదీ ఫ్యాన్ స్పీడు తక్కువలో పెట్టినప్పుడే. అమ్మ అయితే "ఒరే, లోపల పిట్ట గానీ గూడు పెట్టిందేమో చూడరా" అంది. నవ్వాను గానీ వారం తిరిగేసరికి ఆ కీచు కాస్తా గర్‌గర్‌గా మారింది, నిద్ర పోయింది, టెన్షన్ మిగిలింది.

మొదట వచ్చిన మెకానిక్ గ్యాస్ తగ్గిందన్నాడు. గ్యాస్ తగ్గితే చల్లదనం తగ్గాలి కదా బాబూ, కీచుమనడం ఏమిటి? రెండో ఆయన విని వినగానే మోటారు పోయింది, 3,800 అవుతుందన్నాడు. మూడో ఆయన జెట్ పంపు పెట్టి కడిగి 600 తీసుకున్నాడు, నాలుగు రోజులు హాయిగా ఉంది, ఐదో రోజు పిట్ట మళ్లీ వచ్చింది.

అప్పుడు నేనే కూర్చున్నాను. ముందు రిమోట్‌లో ఫ్యాన్ మోడ్ పెట్టాను, అంటే కంప్రెసర్ నడవదు, బయట యూనిట్ ఆగిపోతుంది, లోపలి బ్లోయర్ ఒక్కటే తిరుగుతుంది. చప్పుడు అలాగే ఉంది, కాబట్టి గ్యాసూ కంప్రెసరూ లెక్కలోంచి పోయాయి. తర్వాత స్పీడు మార్చి విన్నాను. పెద్ద స్పీడులో గాలి హోరులో కలిసిపోతోంది, తక్కువలో స్పష్టంగా వినిపిస్తోంది. చివరగా స్టూలెక్కి అప్పడాల కర్ర ఒక కొస యూనిట్ బాడీకి, రెండో కొస చెవికి ఆనించి, మా ఆవిడ కింద నుంచి చూసే చూపుని పట్టించుకోకుండా, కుడి నుంచి ఎడమకి జరుపుతూ విన్నాను. మా యూనిట్‌లో మోటారు కుడి పక్కన ఉంది. చప్పుడు మాత్రం ఎడమ కొసలో ఉంది.

స్ప్లిట్ ఏసీలో బ్లోయర్ అంటే యూనిట్ పొడవునా ఉండే ప్లాస్టిక్ గొట్టం లాంటి చక్రం, దాని చుట్టూ సన్నని రెక్కలు. ఒక కొస మోటారు షాఫ్ట్‌కి చిన్న స్క్రూతో బిగించి ఉంటుంది, రెండో కొస రబ్బరులో కూర్చోబెట్టిన చిన్న బుష్‌లో, అంటే ఇరుసు తిరిగే రంధ్రమున్న చిన్న రింగులో, తిరుగుతుంది. ఆ బుష్ ఎండితే కీచు, అరిగితే గర్‌గర్. రెక్కల మీద దుమ్ము ఒక పక్కే ఎక్కువ పేరుకున్నా, ఒక రెక్క విరిగినా దడదడ వస్తుంది, బాడీ మొత్తం వణుకుతుంది. బ్లోయర్ మొండికేసి మెల్లగా మొదలవుతూ మోటారు గుయ్‌మంటుంటే ముందు మోటారుని తిప్పి మొదలెట్టించే కెపాసిటర్ చూడాలి, అది మోటారు కంటే ఎంతో చవక. మోటారు బేరింగు పోతే చప్పుడు మోటారు పక్క నుంచే వస్తుంది, మాది అటు కాదు.

ఎంసీబీ (ఏసీకి కరెంటు ఆపే స్విచ్చు) ఆపించి, నాలుగో మెకానిక్‌ని పిలిచి, "అన్నా, మోటారు మాట ఎత్తొద్దు, బ్లోయర్ బయటకి తీయి" అన్నాను. అతనికి నచ్చలేదు. ఎందుకు నచ్చలేదో తర్వాత అర్థమైంది: మా మోడల్‌లో నీళ్ల ట్రే విప్పాలి, కాయిల్ ఎడమ కొస పైకెత్తి పట్టుకోవాలి, చక్రాన్ని వేలితో తిప్పుతూ ఆ స్క్రూ సందులోకి వచ్చేదాకా చూడాలి, అప్పుడు గానీ బయటకి రాదు. గంటంపావు పట్టింది. ఈ డిజైన్ చేసినవాడు జన్మలో ఒక్కసారైనా స్క్రూడ్రైవర్ పట్టాడా అనిపించింది. ఈ మెషిన్‌కి నేను మార్కులు తగ్గించేది ఇక్కడే.

బయటకొచ్చిన చక్రం చూస్తే, మూడో ఆయన కడిగాడన్న మాటే గానీ, రెక్కల లోపలి వైపు బూడిదరంగు కంబళి ముక్క లాగా దుమ్ము అట్టకట్టి ఉంది, గోటితో గీకితే జిడ్డుగా ఊడొస్తోంది. వంటింటి పోపు, అగరుబత్తి పొగ, సముద్రపు తేమ అన్నీ అందులో ఉన్నాయి. జ్ఞానాపురంలో మా స్నేహితుడి ఇంట్లో ఇదే దుమ్ము నల్లగా ఉంటుంది, పోర్టు బొగ్గు పొడి. బుష్ రంధ్రం ఒక పక్కకి అరిగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది. జగదాంబ దగ్గర సందులో స్పేర్ పార్ట్స్ షాపులో కొత్తది 180 రూపాయలు. అతని కూలి 700. మోటారు అదే, ఇంకా తిరుగుతూనే ఉంది.

మధ్యలో నేను చేసిన తెలివితక్కువ పని కూడా చెప్పాలి. తుప్పు వదిలించే స్ప్రే బుష్‌లోకి కొట్టాను. రెండు రోజులు నిశ్శబ్దం, తర్వాత ఇంకా పెద్ద రొద. అది ఉన్న కాస్త గ్రీజునీ కరిగించేస్తుంది. వేస్తే కుట్టుమిషన్ నూనె రెండు చుక్కలు, అదీ బుష్ అరగకుండా ఎండినప్పుడే పనికొస్తుంది.

చికాగోలో ఉన్న మా తమ్ముడికి ఫోన్‌లో ఇదంతా చెబితే, వాళ్లింట్లో ఇల్లు వెచ్చగా ఉంచే ఫర్నేస్ బ్లోయర్ కూడా చలికాలంలో దడదడలాడిందట. అక్కడ ఎముకలు కొరికే చలి, ఇక్కడ ఉక్కపోత, రోగం మాత్రం ఒకటే. కాకపోతే అతనిది బుష్ కాదు, షాఫ్ట్ మీద బిగించే స్క్రూ వదులైన కేసు. ఫిల్టర్ మూసుకుపోయి ఉంటే అదీ చప్పుడు పెంచుతుందట, ముందు అది మార్చి చూశాడట.

ఇప్పుడు ఏడాదికి రెండుసార్లు, మార్చిలో ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి సర్వీసు చేయిస్తున్నాను. ఏడాది విడిచి ఏడాది బ్లోయర్ బయటకి తీయిస్తాను, ముందే బేరం చెప్పుకుని. ఏసీ ఆపగానే వచ్చే టక్ టక్ మాత్రం అలాగే ఉంది. అది చల్లబడిన ప్లాస్టిక్ మళ్లీ వేడెక్కుతూ సర్దుకునే చప్పుడు, దానికి మందు లేదు. అమ్మ మాత్రం ఇప్పటికీ ఆ టక్ వినగానే పైకి చూస్తుంది.