ఎర్రజుట్టు అల్లుడితో మే నెల తిరుపతి

ఎండాకాలంలో తిరుపతి వద్దు, డిసెంబరులో వెళ్ళండి అని సలహా ఇవ్వడం తేలికే. సెలవులు దొరికేది మాత్రం మే నెలలోనే. మా అమ్మాయి, అల్లుడు డబ్లిన్ నుంచి వచ్చిందీ అప్పుడే. అల్లుడు ఐర్లాండ్ మనిషి. ఎర్రజుట్టు, ముఖం నిండా గోధుమరంగు చుక్కలు. మనలో తెల్లగా ఉన్నవాళ్ళు ఎండలో తిరిగితే నల్లబడతారు, కొన్నాళ్ళకు మళ్ళీ మామూలు రంగుకొస్తారు. అతను నల్లబడడు. నేరుగా కందిపోతాడు, మంట పుడుతుంది, తర్వాత చర్మం పొరలు పొరలుగా ఊడుతుంది. ఎండను అడ్డుకునే నల్లటి మెలనిన్ అలాంటి ఒంట్లో చాలా తక్కువ. అందుకే ఈసారి గదులనీ, చూసే చోట్లనీ నీడ లెక్కన బేరీజు వేసుకున్నాను. ఇలాంటి చర్మమున్న కోడళ్ళు, అల్లుళ్ళు, మనవలు ఉన్న ఇళ్ళకీ, బొల్లి మచ్చలున్నవాళ్ళకీ పనికొస్తుందని రాస్తున్నాను.

తిరుపతిలో ఏప్రిల్ చివరి వారంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదుంటాడు. మేలో ఇంకాస్త ఉత్తరానికి జరుగుతాడు. అందుకే మిట్టమధ్యాహ్నం నిలబడి చూస్తే మన నీడ జానెడే ఉంటుంది, అదీ దక్షిణం వైపు. నీడ మన ఎత్తు కన్నా పొట్టిగా ఉన్నంతసేపూ ఒళ్ళు కాల్చే ఎండే అని చర్మవైద్యులు చెప్పే గుర్తు ఒకటుంది. ఆ లెక్కన మేలో ఇక్కడ ఉదయం 9 నుంచి మధ్యాహ్నం 3 దాటేదాకా బయట తిరగకూడదు. మబ్బు పట్టింది కదా అని ధైర్యం చెయ్యొద్దు. ఒంటిని కాల్చేవి ఎండలో కంటికి కనబడని అతినీలలోహిత (యూవీ) కిరణాలు. పలచటి మబ్బులోంచి అవి చాలావరకు దిగిపోతాయి.

బసకైతే దేవస్థానం వారి విష్ణునివాసం, శ్రీనివాసం రెండూ మంచివే. ఒకటి రైల్వే స్టేషన్ ఎదురుగా, ఇంకొకటి బస్టాండ్ ఎదురుగా. దిగగానే గది, గది దాటగానే బస్సు. ఎండలో సామాను మోసుకుంటూ నడిచే పని ఉండదు. మాకు అక్కడ దొరకలేదు. ఒక ప్రైవేటు లాడ్జిలో పై అంతస్తు గది ఇచ్చారు. మిద్దె పగలంతా కాగి, రాత్రి పన్నెండయినా వేడి కక్కుతూనే ఉంది. ఏసీ ఉన్నా లేనట్టే. అంతకన్నా అసలు చిక్కు నీళ్ళది. మిద్దె మీద నల్ల ట్యాంకు, మధ్యాహ్నం కుళాయి తిప్పితే టీ పెట్టుకోవచ్చు అన్నంత వేడి. కందిన ఒంటికి మొదట కావలసింది చల్లటి నీళ్ళే. అక్కడ పనిచేసే కుర్రాడు మాత్రం బంగారం. అడగ్గానే కింద సంపులోంచి రెండు బకెట్లు తోడి పైకి మోసుకొచ్చాడు. మీరు ఏ లాడ్జికి వెళ్ళినా పై అంతస్తు వద్దని ముందే చెప్పండి, తెల్లారేసరికి బకెట్లు పట్టి పెట్టుకోండి.

నడకదారుల్లో మేం ఎంచుకున్నది అలిపిరి. 3,550 మెట్లు, తొమ్మిది కిలోమీటర్లు. తెల్లవారుజామున జనంతో పాటు కదిలాం. బ్యాగులు కిందే అప్పగిస్తే దేవస్థానం వాళ్ళు ఉచితంగా కొండ మీదికి చేరుస్తారు. గాలిగోపురం దగ్గరికి వచ్చేసరికి వెలుగొచ్చింది. దారి పొడుగునా చాలాచోట్ల పైకప్పు ఉంది కాబట్టి ఎండ బాధ తక్కువ. శ్రీవారి మెట్టు 2,388 మెట్లే. నిటారుగా ఉన్నా దూరం తక్కువ కాబట్టి మోకాళ్ళు సహకరిస్తే ఎండెక్కకముందే ముగించొచ్చు. 2023లో చిరుత దాడుల తర్వాత పిల్లలతో నడిచేవాళ్ళకు వేళల ఆంక్షలు పెట్టారు. బయలుదేరే ముందు కనుక్కోండి.

ఎవరూ ఆలోచించని చోటు కల్యాణకట్ట. అల్లుడు తనంతట తానే గుండు చేయించుకుంటానన్నాడు. ‘తల వంచు స్వామీ’ అంటూ క్షురకుడు నీళ్ళు చల్లి నాలుగు గీతల్లో పని కానిచ్చేశాడు. ఉడకబెట్టి ఒలిచిన గుడ్డులా బయటపడింది తల. పుట్టి బుద్ధెరిగాక ఎండ సోకని చర్మం అది. మనవాళ్ళకే గుండయ్యాక రెండు రోజులు నెత్తి చుర్రుమంటుంది, ఇక అతని సంగతి చెప్పాలా? స్నానమయ్యాక చందనం రాశారు. చందనం చలవ చేస్తుంది, అంతే. దాన్ని నమ్ముకుని ఎండలో నడిస్తే కాలిపోతారు. అప్పుడే గీసిన తలకు మామూలు సన్‌స్క్రీన్ మండుతుంది. జింక్ ఆక్సైడ్ ఉన్న రకం కాస్త నయం. అన్నిటికన్నా మేలు దళసరి నూలు తువ్వాలు తలపాగా చుట్టడం. మా అమ్మాయి చుట్టింది కూడా. నెత్తి దక్కింది, చెవులు, మెడ వెనకభాగం మాత్రం దొరికిపోయాయి. వీలైతే గుండు సాయంత్రం చేయించుకోండి. తెల్లారేదాకా ఎండ బెడద ఉండదు.

దర్శనం క్యూలో నీడే, దిగుల్లేదు. 300 రూపాయల టికెట్టు ముందే తీసుకున్నాం. అల్లుడి పాస్‌పోర్టు అసలుదే చూపించాలి, పరమతం వాళ్ళు డిక్లరేషన్ మీద సంతకం పెట్టాలి. పంచె, చొక్కా నియమం ఈ విషయంలో మంచే చేస్తుంది, కాళ్ళూ చేతులూ కప్పే ఉంటాయి. కాకపోతే పలచటి తెల్ల చొక్కా ఎండను పూర్తిగా ఆపదు, చెమటకు తడిసి ఒంటికి అంటుకుంటే ఇంకా తక్కువ ఆపుతుంది. నేత దట్టంగా ఉన్నది తొడగాలి. మాడవీధుల్లో అరికాళ్ళు కాలకుండా తెల్ల కూల్ పెయింటు వేసి, పట్టాలు పరిచి, నీళ్ళు చల్లుతారు. ఈ ఏర్పాటుకు దండం పెట్టాల్సిందే. కానీ చెప్పులు విప్పాక పాదాల పైభాగానికి ఏ రక్షణా ఉండదు. సాయంత్రం చూస్తే అతని పాదాల పైభాగమంతా ఎర్రగా పొంగి ఉంది.

కందిన సంగతి ఎండలో ఉన్నప్పుడు తెలియదు. నాలుగైదు గంటలు గడిచాక బయటపడి, మర్నాటికి బాగా ముదురుతుంది. అతనికి మరీ తొందరగా కందడానికి కారణం రాత్రి మందుల డబ్బా తీస్తే దొరికింది. ఇండియాకు వచ్చేముందు మలేరియా రాకుండా అక్కడి డాక్టరు డాక్సీసైక్లిన్ రాశారట. ఆ మాత్ర వేసుకుంటున్నవాళ్ళ చర్మం ఎండను అసలు తట్టుకోదు. మాత్ర సొంతంగా మానెయ్యకూడదు, డాక్టరుతో మాట్లాడాలి. విదేశాల నుంచి చుట్టాలు వస్తుంటే ఈ ఒక్క ప్రశ్న ముందే అడగండి.

మందుల షాపుల అనుభవం రెండు రకాలు. మొదటి షాపులో సన్‌స్క్రీన్ అడిగితే తెల్లబడే క్రీము చేతిలో పెట్టారు. ఐర్లాండ్ అబ్బాయికి తెల్లబడే క్రీము! పక్క వీధి షాపులో కూర్చున్న అమ్మాయి మాత్రం ‘ఎస్‌పీఎఫ్ ఎంతది కావాలి మేడమ్?’ అని అడిగి మరీ ఇచ్చింది. ఎస్‌పీఎఫ్ అంటే ఆ క్రీము ఎండను ఎంత ఆపుతుందో చెప్పే అంకె. 30 అంటే కాల్చే యూవీ-బీ రకం కిరణాల్లో 97 శాతం ఆపుతుంది, 50 అయితే 98 శాతం. తేడా ఒక్క శాతమే. పూసే మోతాదులోనే అంతా ఉంది. ముఖానికీ మెడకూ కలిపి రెండు వేళ్ళ పొడుగునా పిండాలి, బయటికి వెళ్ళడానికి పావుగంట ముందే పూయాలి, రెండు గంటలకోసారి మళ్ళీ పూయాలి. ఇక మా చెల్లెలు ఫోన్లో చెప్పిన కొబ్బరినూనె, నిమ్మరసం వైద్యం. తాజాగా కందినచోట నూనె పెడితే వేడి లోపలే నిలుస్తుంది. నిమ్మరసం పూసుకుని ఎండలోకి వెళితే బొబ్బలెక్కుతాయి. తడిగుడ్డ, కాలమైన్ లోషన్, కుండెడు మజ్జిగ, దారిలో నన్నారి షర్బత్. వీటితోనే తేరుకున్నాడు.

చంద్రగిరి కోటకు శుక్రవారం వెళ్ళకండి, మ్యూజియం సెలవు. రాజమహల్‌ని కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. గోడలు ఎంత మందమో, లోపల అంత చల్లన. బయటి పచ్చిక, వెనక గుట్ట మాత్రం నిప్పుల గుండమే. లోపల చూసుకుని వెనక్కి రండి చాలు.

తలకోన ఎండకు భయపడేవాళ్ళకు నా మొదటి ఓటు. అడవి దారంతా కొమ్మలు కమ్ముకుని ఉంటాయి. 270 అడుగుల జలపాతం మేలో సన్నటి ధారే, అయినా వెళ్ళొచ్చు. నీళ్ళలో దిగాక పూసిన క్రీము పోతుంది, బయటికొచ్చి తుడుచుకుని మళ్ళీ పూయాలి. నీళ్ళే ముఖ్యమైతే నారాయణవనం దగ్గర కైలాసకోన చూడండి.

అద్దెకారు విషయంలో నాకు ఫిర్యాదుంది. ఫోన్లో ఒప్పుకున్న బండి వేరు, వచ్చింది వేరు. ఏసీ అంతంతమాత్రం, ఒక కిటికీ పైకి లేవదు. అద్దం మూసుంటే యూవీ-బీ ఆగుతుంది, పక్క అద్దాల్లోంచి యూవీ-ఏ అనే రెండో రకం మాత్రం చాలావరకు లోపలికొస్తుంది. అందుకని మా అమ్మాయి చున్నీని క్లిప్పులతో కిటికీకి బిగించింది. ఎండ ఏ వైపు పడుతుందో చూసుకుని సీటు ఎంచుకుంటే ఇంకా సుఖం.

చివర్లో హార్స్‌లీ హిల్స్. నాలుగు వేల అడుగులకు పైన, నీలగిరి చెట్ల మధ్య పర్యాటక శాఖ వాళ్ళ హరిత బస. గదులు సాదాసీదా, భోజనం ఫర్వాలేదు, సాయంత్రం గాలి మాత్రం అద్భుతం. అయితే చల్లగా ఉంది కదా అని అక్కడే అందరూ మోసపోతారు. వేడి తగ్గినా కాల్చే గుణం తగ్గదు. వెయ్యి మీటర్ల ఎత్తుకు యూవీ పది శాతం దాకా పెరుగుతుంది కూడా. వ్యూ పాయింట్ దగ్గర బండ మీద ఒక కుటుంబం పదకొండింటికి కూర్చుని తోతాపురి ముక్కలు ఉప్పూకారం అద్దుకుని తింటోంది, పిల్లల నెత్తిన టోపీ కూడా లేదు. మా అల్లుడు మాత్రం తలపాగా చెవుల కిందికి లాక్కుని చెట్టు నీడ వదల్లేదు.